మోకుకు రెండో కొస

ఫిబ్రవరి 9

మోకుకు పైకొసన ఉండే తమ్ముడికి,

కిందికొసన మిగిలిపోయిన అన్నయ్య రాస్తున్నాడు. కులాసాగా ఉన్నావా అని అడగను. చెట్టు మీద ఉన్నంతసేపూ నీకు కులాసాయే, నేల మీద కాలు పెట్టాకే నీకు దిగుళ్ళన్నీ అని మనిద్దరికీ పిల్లల్నిచ్చిన మామగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు. ఆయన బాగానే ఉన్నారు. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని, ఎవరూ వాడని చేతిరంపానికి ఆకురాయితో పదును పెడుతుంటారు. ఆ చప్పుడుకి మీ వదిన పళ్ళు జివ్వుమంటున్నాయట. మానమని ఆవిడ చెప్పదు, నన్ను చెప్పమంటుంది. నేనెందుకు చెప్తాను?

ఇక్కడి సంగతి రాస్తాను, నవ్వుకో. ఆ మధ్య గాలివానకి చెట్లు పడ్డప్పుడు మనకి చేతినిండా పని దొరికింది కదా. అది చూసి ఊళ్ళో ప్రతివాడూ వాయిదాల మీద మోటారు రంపం కొనేశాడు. వ్యాను తోలేవాడు కొన్నాడు, కరెంటు బిల్లులు పంచేవాడు కొన్నాడు. ఆఖరికి మనకి క్షవరం చేసే గడ్డపాయన కూడా కొన్నాడు. ఇదేం పోయేకాలమయ్యా అంటే, "ఇన్నేళ్ళు తలలు కత్తిరించినవాణ్ణి, కొమ్మలు కత్తిరించలేనా?" అన్నాడు. టీకొట్టు మూలన ఇదివరకు మనమిద్దరం, ఎదురు వీధి అన్నదమ్ములిద్దరూ ఉండేవాళ్ళం. ఇప్పుడు బెంచీ చాలక రంపాలు ఒళ్ళో పెట్టుకుని అరుగుల మీద కూర్చుంటున్నారు. ఏ ఇంటావిడైనా గేటు తీసి చెట్టు వైపు చూస్తే చాలు, ఎగబడతారు. ఒకడు చెప్పిన రేటు కంటే ఇంకొకడు తక్కువ చెప్తాడు. చివరివాడు, "కట్టెలు నాకు వదిలేయండమ్మా, ఊరికే కొట్టిపెడతాను" అంటాడు. ఇక అక్కడ నాబోటివాడు నోరెత్తేదేముంది?

అందులోనూ నేను కిందివాణ్ణి. నిచ్చెన రెండు మెట్లు ఎక్కితే నాకు కళ్ళు తిరుగుతాయని నీకు తెలుసు. నువ్వు పైన కోసిన దుంగని మోకుతాడు మీద మెల్లగా దింపడం నా పని. ఇప్పుడు ఎవడూ దింపడం లేదు, వదిలేస్తున్నారు. గోడ విరిగితే విరిగింది, పెంకు పగిలితే పగిలింది. వాళ్ళకి కిందివాడు దేనికి?

అసలు సంగతికొస్తాను. ఒక్క ఊళ్ళో రెండు కాపురాలు సాగవని నువ్వు వెళ్ళావు. మంచిదే. అక్కడ కొత్త కాలనీలు లేస్తున్నాయంటున్నారు. నాకూ ఏమైనా పని ఉంటుందా? ఉంటే మీ వదిననీ మామగారినీ తీసుకుని వచ్చేస్తాను. కానీ ఒక్కటి. పనుందా అని ఎవరడిగినా, చివరికి దేవుడే దిగొచ్చి అడిగినా, లేదనే చెప్పాలని, ఉందంటే పోటీకొస్తారని మామగారు మనకి మొదటిరోజే నేర్పారు. మన వృత్తిలో "లేదు" అనేది పలకరింపు లాంటిది. దాన్ని మాత్రం నా మీద ప్రయోగించకు.

ఇట్లు,
కిందివాడు


ఫిబ్రవరి 27

అన్నయ్యకి,

గడ్డపాయన సంగతి చదివి మీ మరదలు పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఇక్కడ అలాంటి గడ్డపాయనలు వీధికి ముగ్గురున్నారు.

మేము ఇస్త్రీ కొట్టు పైగదిలో ఉంటున్నాం. కింద పెట్టెలు కాలుతుంటే మా కాళ్ళ కింద గచ్చు వెచ్చబడుతుంది. చలికాలం హాయిగా ఉంది, ఎండాకాలం సంగతి ఎండాకాలంలో చూసుకోవాలి. పొద్దున్నే రంపాలు బాగుచేసే షాపు ముందు నిలబడతాను. నాలాంటివాళ్ళు ఫుట్‌పాత్ నిండా ఉంటారు. రోడ్డు పక్క చెట్లన్నీ ఒక పెద్ద కంపెనీ చేతిలో ఉన్నాయి. వాళ్ళకి బుట్ట పైకి లేచే లారీలున్నాయి, చెట్టెక్కడం రాకపోయినా పరవాలేదు. మిగిలిన పెరటి చెట్ల మీద మేమంతా పడుతున్నాం.

ఆ పెరళ్ళలో కూడా వాళ్ళకి కావలసింది మోడు చేయడమే. తల తీసేసి నాలుగు మొండికొమ్మలు ఉంచితే శుభ్రంగా ఉందంటారు. అలా చేస్తే లోపల కుళ్ళుతుందండీ, కొత్త కొమ్మలు బలంగా పట్టవు, గాలికి మీ ఇంటి మీదే పడతాయి అంటే, పక్కవాణ్ణి పిలుస్తారు. పక్కవాడు అలాంటివేమీ చెప్పడు.

కిందివాడు ఒకడు దొరికాడు. మంచివాడే, వేళకి వస్తాడు. కానీ మోకు పట్టుకోమంటే బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు పట్టుకుంటాడు. జారనివ్వవయ్యా, బరువుని బట్టి వదులుతూ పట్టాలి అని ఎంత చెప్పినా పిడికిలి బిగించేస్తాడు. నీ చేతిలో మోకు ఉంటే దుంగ పిల్లిపిల్లలా దిగేది.

అన్నయ్యా, నువ్వు అడిగినదానికి జవాబు: ఇక్కడ పని లేదు. ఇది మామగారి "లేదు" కాదు. నిజంగానే లేదు. ఉన్న ఇల్లు వదులుకుని రావద్దు.

వదినకీ మామగారికీ నమస్కారాలు.

పైవాడు
(దేవుడు కాదులే, నీ తోడల్లుడు)


మార్చి 15

తమ్ముడికి,

"నిజంగానే లేదు" అని రాశావు. భేష్. మామగారు నేర్పింది ఒక్క మాటే, నువ్వు దానికి ఇంకో మాట అతికించావు. ఆయనకి చదివి వినిపిస్తే తొడ చరిచి, "చూశావా, నా చిన్నల్లుడు నన్ను మించాడు" అన్నారు. ఆయన సంతోషం చూసి నాకు ఒళ్ళు మండింది.

పని లేనివాడి ఇంట్లోకి బట్టలుతికే మిషను ఎలా వచ్చిందయ్యా? మీ ఆవిడ వాళ్ళ అక్కకి రాసింది. గదిలో ఏ మూల పెట్టిందీ, తెల్లగా ఎంత మెరుస్తోందీ, అంతా రాసింది. మీ వదిన ఆ కాగితం మడత పెట్టి నీళ్ళ గోలెం దగ్గరికెళ్ళి బట్టలు బండకేసి బాదింది. ఆ చప్పుడే నాకు గుచ్చుకుంది.

నేను డబ్బడిగానా? గదిలో చోటడిగానా? పని ఉందా అన్నాను. పరాయివాడికి చెప్పే మాట నాకు చెప్పావు. నువ్వు పైన ఉన్నప్పుడు నీ ప్రాణం ఎవరి గుప్పిట్లో ఉండేదో మర్చిపోయినట్టున్నావు. పైకెక్కినవాళ్ళకి కిందివాళ్ళు చిన్నగానే కనిపిస్తారులే.

ఉంటాను.


ఏప్రిల్ 2

గౌరవనీయులైన అన్నయ్యగారికి,

ఆ మిషను గురించి మీరు అడిగారు కాబట్టి చెప్తున్నాను. ఒక ఇంట్లో చెట్టు కొట్టాను. తీరా డబ్బడిగితే లేదన్నారు, దీన్ని తీసుకుపొమ్మన్నారు. మేడ మీదికి మోసుకొచ్చాక చూస్తే మోటారు కాలిపోయి ఉంది. మీ మరదలు దాంట్లో మోకులూ చేతితొడుగులూ దాస్తోంది. మూత మాత్రం బాగా పడుతుంది. వాళ్ళ అక్కకి ఆ ముక్క ఎందుకు రాయలేదే అంటే, "అక్క నా మీద జాలి పడితే నేను తట్టుకోలేను" అంది. ఇందులో నేను దాచిందేమీ లేదు.

వదిన కూడా ఒక ముక్క రాసింది. బడి ఆవరణలో చెట్లన్నీ మోడులయ్యాయట. గడ్డపాయన పైనెక్కి కొడితే కింద మోకు పట్టింది మీరేనట. తల నరికిన చెట్టు కింద నిలబడితే తద్దినానికి వచ్చినట్టుంటుందని నాకు చెప్పింది మీరే. మామగారిని తీసుకెళ్ళి చూపించారా?

మీరు నమ్మినా నమ్మకపోయినా, లేదంటే లేదు.

మీ
తోడల్లుడు


జూన్ 20

తమ్ముడికి,

నాకు మర్యాద ఇచ్చావు, చాలా సంతోషం. "మీరు" అనిపించుకోవడానికి ఇంతకాలం పట్టింది. జవాబు రాయకూడదనే అనుకున్నాను. మీ వదిన కాగితం తెచ్చి ముందు పెట్టింది.

అవును, బడి చెట్లకి మోకు పట్టింది నేనే. గదుల్లోకి వెలుతురు రావడం లేదని పెద్ద మాస్టారు కొట్టించాడు. గడ్డపాయన కొట్టాడు. క్షవరం చేసినట్టే చేశాడు, ఒక్క వెంట్రుక మిగల్చలేదు. నేను ఒక్కొక్క తలా కిందికి దింపాను, అదీ మెల్లగా, ఒక్క పెంకు పగలకుండా. ఎంత బాగా దింపానో ఎవరికి కావాలి? పని అయ్యాక పిల్లలు బయటికొచ్చి ఎండలో కళ్ళు చిట్లించుకుని నిలబడ్డారు. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. కూలి తీసుకుని వచ్చేశాను. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా, దానికి చెట్టు తల ఉందా లేదా అన్న విచారణ లేదు.

మామగారికి చూపించలేదు. ఆయన గుమ్మం దాటడం లేదు. నువ్వే వచ్చి చెప్పుకో, నీకు ఆయన దగ్గర మంచి పేరుంది కదా.

మిషను సంగతి నిజమే అయి ఉండొచ్చు. కాకపోయినా నేను చెయ్యగలిగిందేముంది? ఒకసారి అడిగాను, రెండోసారి అడగను.

అన్నయ్య


ఆగస్టు 11

అన్నయ్యా,

మళ్ళీ నువ్వు అనే రాస్తున్నాను. కోపంలో మీరు అన్నాను, అది నాకే బాగాలేదు.

సంగతి చెప్తాను, స్థిమితంగా చదువు. ఇక్కడ పాత మిల్లు ఉంది. దాని క్వార్టర్ల వెంట వరసగా పెద్ద చెట్లున్నాయి. ఒక్కొక్కటీ ఇద్దరు చేతులు చాపినా అందదు. వేళ్ళు గోడల్లోకి దూరాయి, తీసేయక తప్పదంటున్నారు. కింద పెంకుటిళ్ళు, లోపల మనుషులు. కొట్టి వదిలేస్తే కుదరదు. ముక్కముక్కగా మోకు మీద దింపాలి. బుట్ట లారీ ఆ సందులోకి పట్టదు. గడ్డపాయనల వల్ల కాదు. మిల్లు మేనేజరు ముగ్గురి చేత చిన్న చెట్టు కొట్టించి చూసి, నన్ను పిలిచాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "నీ కిందివాడెవడు?" అన్నాడు. ఈ వృత్తిలో ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. మా అన్నయ్య, వస్తాడు అన్నాను.

అన్నయ్యా, పని ఉంది. చాలా ఉంది. వానలు ముదిరేవరకు ఇద్దరికీ చేతినిండా ఉంటుంది, తర్వాత కూడా ఆయన వేరే మిల్లుకి చెప్తానన్నాడు. ఇస్త్రీ కొట్టాయన పక్కగది ఖాళీ చేయిస్తానన్నాడు. వదిననీ మామగారినీ కూడా తీసుకురా.

మన వృత్తిలో "ఉంది" అని ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను. ఈ నెలాఖరు దాకా నీకోసం ఆగుతానని మేనేజరుకి చెప్పాను. ఆ తర్వాత ఆయన ఆగడు. అప్పుడు ఆ బస్సుకడ్డీ మనిషితోనే మొదలుపెట్టాలి. అతనితో అంత పెద్ద దుంగలంటే నాకు భయంగా ఉంది. ఇంకెవరికీ చెప్పను గానీ నీకు చెప్తున్నాను. మోకు నీ చేతిలో ఉంటే నేను ఒక్కసారి కూడా కిందికి చూడను.

వెంటనే రా.

నీ పైవాడు


ఆగస్టు 22

తమ్ముడికి,

నీ ఉత్తరం మామగారికి చదివి వినిపించాను. ఆకురాయి పక్కన పెట్టి మరీ విన్నారు. "మళ్ళీ చదువు" అన్నారు. మళ్ళీ చదివాను. అప్పుడు నవ్వారు. "పని ఉన్నవాడు ఉందని రాస్తాడుటయ్యా? ఉందని రాశాడంటే ఏమీ లేదన్నమాట. వాడికి నీతో ఇంకేదో అవసరం పడింది" అన్నారు. ఆయన అనకముందే నా మనసులోనూ అదే ఉంది.

నువ్వే ఆలోచించు. ఫిబ్రవరిలో ఊరంతా రంపాలేనన్నావు. ఆగస్టుకి చెట్లు వరసకట్టి నాకోసం నిలబడ్డాయా? కిందివాడెవడని అడిగే మేనేజరు ఒకడు భూమ్మీద పుట్టాడా? నాకు తెలుసులే. ఇల్లు ఖాళీ చేసి, సామాను నెత్తిన పెట్టుకుని నేనొచ్చి దిగాలి. ఖాళీ ఫుట్‌పాత్ చూపించి, "చూశావా అన్నయ్యా, లేదన్నాను కదా, నమ్మావా?" అనాలి. మార్చిలో నేనన్న మాటలకి అది నీ జవాబు. నేను నీ పక్కన పనిచేశానయ్యా, నీ మొండితనం నాకు తెలియనిదా?

మీ వదిన మాత్రం అటక మీంచి పెట్టె దింపింది. చీరలు కూడా సర్దింది. నేను మళ్ళీ అటకెక్కించాను. నిచ్చెన మూడో మెట్టు మీద కళ్ళు తిరిగితే గోడ పట్టుకున్నాను, ఆవిడ కింద నిలబడి చూసింది గానీ నిచ్చెన పట్టుకోలేదు.

గడ్డపాయన మళ్ళీ పిలిచాడు. అతనితో వెళ్తున్నాను. నీ మేనేజరుకి నా నమస్కారాలు చెప్పు, అతనంటూ ఉంటే.

అన్నయ్య


సెప్టెంబరు 6

బావగారికి నమస్కరించి మీ మరదలు రాస్తున్నది.

ఆయనకి పనిలో దెబ్బ తగిలింది. ఆసుపత్రిలో ఉన్నారు. ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. మోకు పట్టినతను వదలాల్సినప్పుడు వదలలేదట. నాకు ఆ పని సంగతి తెలియదు, ఆయన చెప్పినట్టే రాశాను. ఇంతకంటే రాయొద్దన్నారు.

మీరొకసారి వస్తే బాగుంటుంది. నాకు ఇక్కడ ఎవరూ లేరు. అక్కకి మెల్లగా చెప్పండి. నాన్నకి ఇప్పుడే చెప్పకండి.


సెప్టెంబరు 14

తమ్ముడూ,

మరదలి ఉత్తరం అందింది. నాన్నకి చెప్పొద్దన్న ముక్క చివర్లో ఉంది. నేను అప్పటికే మామగారి ముందు పైకి చదివేస్తున్నాను. చదవడం ఆపేసరికి ఆయనకి అంతా అర్థమైంది. "ప్రాణానికి భయం లేదంటున్నారు. రప్పించడానికి పెద్దది చేసి రాస్తున్నారేమో" అన్నారు. అన్నారే గానీ, ఆరోజు నుంచి రంపం ముట్టుకోలేదు.

కోప్పడకు, నా మాట విను. మొదట లేదన్నావు. తర్వాత ఉందన్నావు. ఇప్పుడు నీ ఉత్తరం నువ్వు రాయలేదు. ఎక్కడ తగిలింది, ఎంత తగిలింది, ఏమీ లేదు. ఏమనుకోవాలి నేను? ఒక పూట పడకలో ఉంటే తగ్గేదా, ఇంకా పెద్దదా? కాలా? నడుమా? మీ వదిన అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. నాతో మాట్లాడటం మానేసింది. నాకూ నిద్ర పట్టడం లేదయ్యా. మోకు నా చేతిలోంచి జారిపోతున్నట్టు ఉలిక్కిపడి లేస్తున్నాను.

ఒక్క పని చెయ్యి. నీ చేత్తో ఒక్క ముక్క రాయి. "రా" అని రాస్తే చాలు. నీ కొక్కిరిబిక్కిరి అక్షరం నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. అది కనిపించిన క్షణాన ఇంకో మాట అడగను. మోకు భుజాన వేసుకుని బయల్దేరతాను. పని ఉన్నా సరే, లేకపోయినా సరే.

కిందివాడు


సెప్టెంబరు 23

అన్నయ్యకి,

రాసేది మీ మరదలే. చెప్పేది నేను. ఈసారి ఏదీ దాచకుండా రాయమన్నాను.

నెలాఖరు దాకా నీకోసం ఆగాను. మేనేజరు మంచివాడు, ఇంకో పూట కూడా ఆగాడు. తర్వాత ఆ కిందివాడితోనే ఎక్కాను. మొదటి చెట్టు బాగానే దిగింది. రెండోదాని మీద పెద్ద దుంగ కోశాను. అది మెల్లగా జారుతూ పోవాలి. అతనికి భయం వేసిందట, ఒక్కసారిగా మోకు బిగించి పట్టేశాడు. కిందికి వెళ్ళాల్సిన దుంగ ఊగి నా మీదికే వచ్చింది. దుంగకీ మానుకీ మధ్య నా కుడిచెయ్యి ఉంది. అతను ఇప్పటికీ రోజూ ఆసుపత్రికి వచ్చి నా మంచం పక్కన ఏడుస్తున్నాడు. నేనే ఊరుకోబెడుతున్నాను. అతని తప్పేముంది? అతని చేతికి అది రాదు. ఆ సంగతి నాకు తెలుసు, నీకూ రాశాను.

నన్ను కిందికి దింపి మోసుకెళ్తుంటే మిల్లు గేటు దగ్గర అప్పటికే రంపాలు భుజాన వేసుకుని పదిమంది నిలబడ్డారట. చోటు ఖాళీ అయిందా అని అడిగారట. మీ మరదలు విన్నది. వాళ్ళని తిట్టాలని నాకు అనిపించలేదు. ఎవరి ఇంట్లో పొయ్యి వాళ్ళకి వెలగాలి. మిగిలిన వరసంతా వాళ్ళే కొట్టేశారు. రెండిళ్ళ పైకప్పులు కూలాయి. కాబట్టి ఇక్కడ ఇప్పుడు పని లేదు.

నా చేత్తో "రా" అని ఒక్క ముక్క రాయమన్నావు. ఉన్నది ఒక్క అక్షరం, అదీ రాయలేను. కుడిచేతిని మణికట్టు దగ్గర తీసేశారు.

పని లేదన్నాను, నమ్మలేదు. ఉందన్నాను, నమ్మలేదు. ఇప్పుడు చెయ్యి లేదంటున్నాను. మామగారికి ఇది కూడా చదివి వినిపించు. ఈ "లేదు"కి అర్థమేమిటో ఆయన్నడిగి, నాకు రాయి.